రంగు చూసి చేపను కొనవచ్చా?

సముద్రపు చేపలు అమ్మే దుకాణాల్లో రెండు చిన్న చేపలు ఒక్కోసారి పక్కపక్క తొట్లలోనే కనిపిస్తాయి. రెండింటికీ ముందు సగం ముదురు ఊదా, వెనక సగం నిమ్మపండు పసుపు. రెండూ 7, 8 సెంటీమీటర్లకు మించి పెరగవు. ఒకదాని పేరు రాయల్ గ్రామా. ఇది కరీబియన్ సముద్రపు చేప. ఏదో ఒక రాతి గుహను ఎంచుకుని, దాని పైకప్పు వైపు పొట్ట తిప్పి తలకిందులుగా ఈదుతూ కాలం గడుపుతుంది. ఇంకో చేప మరీ దగ్గరికొస్తే నోరు వెడల్పుగా తెరిచి బెదిరిస్తుంది. చాలావరకు అంతటితో సరి.

రెండోది రాయల్ డాటీబ్యాక్. పశ్చిమ పసిఫిక్ దిబ్బల్లో ఉంటుంది. తన రాయి దరిదాపులకు వచ్చిన చిన్న చేపల్ని వెంటపడి కరుస్తుంది. సముద్రంలో అయితే కరిపించుకున్న చేప పారిపోతుంది. 100 లీటర్ల తొట్టెలో ఎక్కడికి పోతుంది? కొద్ది రోజుల్లోనే రెక్కలు చిరిగి, తిండి మానేసి ఓ మూలకు చేరుతుంది.

ఈ రెండింటినీ గుర్తుపట్టడం పెద్ద కష్టమేమీ కాదు. గ్రామాలో ఊదా రంగు చుక్కలు చుక్కలుగా పసుపులో కలిసిపోతుంది. వీపు రెక్క ముందు భాగంలో ఒక నల్లమచ్చ, కంటిమీదుగా ఒక నల్లటి గీత ఉంటాయి. డాటీబ్యాక్‌లో రెండు రంగుల మధ్య స్కేలు పెట్టి గీసినట్టు సరిహద్దు కనిపిస్తుంది, మచ్చ ఉండదు. అయినా రంగు నచ్చి కొనేవారు తరచూ ఒకదాన్ని మరొకటిగా పొరబడుతుంటారు.

ఇవి రెండూ ఒకే కుటుంబానికి చెందిన చేపలు కావు. బతికేది కూడా వేర్వేరు మహాసముద్రాల్లో. మరి ఇద్దరూ ఒకే చొక్కా తొడుక్కున్నట్టు ఈ రంగుల జత ఎలా వచ్చింది?

నీటిలో వెలుగు సంగతి

సముద్రపు నీరు అన్ని రంగుల్నీ సమానంగా పోనివ్వదు. ఎంత స్వచ్ఛమైన నీటిలోనైనా 10 మీటర్ల లోతుకు చేరేసరికి సూర్యకాంతిలోని ఎరుపు చాలావరకు హరించుకుపోతుంది. నీలం మాత్రం ఇంకా ఎంతో లోతుకు వెళుతుంది. అందుకే లోతులో ఎర్రచేప నల్లగా, బూడిదగా తోస్తుంది. ఊదాలోని ఎరుపు పాలు కనబడక నీలంలా అనిపిస్తుంది. అక్కడ కొట్టొచ్చినట్టు కనిపించే జంట నీలం, పసుపు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జస్టిన్ మార్షల్ ఈ జంటను చేపల కంటితో చూస్తే ఎలా ఉంటుందో లెక్కగట్టారు. దగ్గర నుంచి చూస్తే నీలం, పసుపు పట్టీలు ఒకదాన్నొకటి ఎత్తి చూపుతాయి. దూరం పెరిగితే కథ మారుతుంది. దిబ్బల్లోని చేపల చూపు మన చూపుకన్నా మసక. పట్టీలు వాటి కంటికి విడివిడిగా ఆనవు. నీలం వెనకనున్న నీటిలో, పసుపు వెనకనున్న దిబ్బ రంగులో కలిసిపోతాయి. పక్కింటివాడికి బోర్డులా, దూరాన ఉన్న వేటచేపకు ముసుగులా ఒకే రంగు పనిచేస్తుందన్నమాట.

ఆ రంగు పుట్టే పద్ధతి కూడా ఒకటి కాదు. పసుపు, నారింజ రంగుల్లో ఎక్కువ భాగం కెరోటినాయిడ్ల వంటి వర్ణకాల నుంచి వస్తుంది. కెరోటినాయిడ్లను చేప స్వయంగా తయారు చేసుకోలేదు, తిండి ద్వారానే రావాలి. తొట్టెలో కొన్ని నెలలకే నారింజ రంగు వెలిసిపోయిందంటే ముందు చూడవలసింది మేత డబ్బానే. నీలం తీరు వేరు. చాలా చేపల్లో నీలిరంగు పదార్థమే ఉండదు. చర్మకణాల్లో గ్వానిన్ అనే పదార్థపు పలుచని స్ఫటిక పలకలు దొంతరలుగా ఉంటాయి. వాటి నుంచి తిరిగొచ్చే కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి, నీలాన్ని బలపరుస్తాయి. సబ్బు బుడగ మీద రంగులు కనిపించేదీ ఇలాంటి వ్యతికరణం వల్లే. నీలి డామ్సెల్ చేపలో ఈ పలకల మధ్య ఎడం మారుతుంది కూడా. ఎడం పెరిగితే రంగు ఆకుపచ్చ వైపు, తగ్గితే ఊదా వైపు జరుగుతుంది. బెదిరినప్పుడు ఆ చేప దాదాపు నల్లబడుతుంది. దుకాణంలో నల్లగా ముడుచుకుని కూర్చున్న నీలి డామ్సెల్ ఏమీ బాగోలేదని అర్థం.

చాలా దుకాణాల్లో తొట్ల మీద నీలి ఎల్‌ఈడీలు వెలుగుతుంటాయి. ఆ వెలుతురులో నీలి చేప నగలా మెరుస్తుంది. లోపలికి పోయిన పొట్ట, చర్మం మీది పుండు, చిరిగిన రెక్క అందులో సరిగా కనబడవు. కాసేపు తెల్ల లైటు వేయమని అడగడంలో తప్పులేదు.

బోర్డు ఎవరి కోసం?

చేపల రంగులకూ పోట్లాటలకూ సంబంధం ఉందని గట్టిగా వాదించినవారు ఆస్ట్రియాకు చెందిన జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్. 1973లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. దిబ్బల్లోని చేపలు గోడపత్రికల్లాంటి రంగులు వేసుకునేది తమ జాతి చేపను తేలిగ్గా గుర్తుపట్టి తరమడానికేనని 1963లో వెలువడిన తన పుస్తకంలో ప్రతిపాదించారు. ఒకే తిండి, ఒకే గూడు కోరేది సొంత జాతే కాబట్టి అసలు పోటీ దానితోనే అని ఆయన తర్కం.

ఈ తర్కం అన్ని చేపలకూ వర్తించదని తర్వాత తేలింది. రాళ్లమీద నాచును తోటలా కాపాడుకునే డామ్సెల్ చేపల్లో కొన్ని మట్టిరంగులో ఉంటాయి. అవి సొంత జాతినే కాదు, నాచు తినే ప్రతి చేపనూ తరుముతాయి. కానీ రంగును, చారను చూసి సొంత జాతిని పోల్చుకోవడం మాత్రం నిజం. జపాన్‌లోని ఒకినావా సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2024లో క్లౌన్ ఫిష్‌పై చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. మూడు తెల్లచారలున్న ఈ చేపల్ని గుడ్ల దశ నుంచి ప్రయోగశాలలోనే పెంచి, వేర్వేరు సంఖ్యలో చారలున్న బొమ్మల్ని చూపారు. తమలాగే మూడు చారలున్న బొమ్మల మీద అవి ఎక్కువగా దాడి చేశాయి. చారలు లేనివాటిని పెద్దగా పట్టించుకోలేదు.

ఇంటి తొట్టెకు దీని నుంచి పనికొచ్చేది ఉంది. ఒకే జాతివి, లేదా ఒకే ఆకారం, ఒకే రంగు, ఒకే అలవాట్లున్నవి రెండు వేస్తే ఒరలో రెండు కత్తుల చందమే. రాతి సందుల్లో ఉండేది ఒకటి, నీటి మధ్యలో ఈదేది ఒకటి, అడుగున ఇసుకలో తిరిగేది ఒకటి అయితే ఒకదాని దారికి మరొకటి అడ్డురాదు. వేసే వరుస కూడా ముఖ్యమే. కొత్త తొట్టెలో అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ తర్వాత మొదట సాధువుల్ని వేయాలి. గట్టిగా చోటు పట్టుకునే చేప అందరికన్నా చివర రావాలి. అది ముందొస్తే తొట్టె మొత్తం తనదే అనుకుంటుంది. అగ్నిపుల్లలా ఎర్రటి తోకతో ఉండే ఫైర్‌ఫిష్ లాంటి బెదురు చేప అయితే ఇలాంటి పొరుగును తప్పించుకోవడానికి తొట్టె బయటికే దూకేస్తుంది. మూత తప్పనిసరి.

క్లౌన్ ఫిష్ ఇందులోనూ మినహాయింపే. దీని గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది, దాని తర్వాతిది మగది. ఆడది పోతే మగది ఆడదిగా మారుతుంది. అందుకే పరిమాణంలో కాస్త తేడా ఉన్న రెండు పిల్లల్ని ఒకేసారి వేస్తే సాధారణంగా జంట కుదురుతుంది. ఎదిగిన రెండు ఆడచేపల్ని కలిపితే మాత్రం యుద్ధమే.

పగడాలు, పొట్టలు

ఇంటర్నెట్‌లో కనిపించే విదేశీ తొట్లలో సజీవ పగడాలు నిండుగా ఉంటాయి. మన దేశంలో అది కుదరదు. దిబ్బలు కట్టే పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సీ ఫ్యాన్లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్నంత రక్షణ వీటికీ ఉంది. సముద్రగుర్రాలదీ ఇదే స్థాయి. దుకాణదారు దొరుకుతుందన్నా సరే, తీసుకోకూడదు. గ్రామాకైనా క్లౌన్ ఫిష్‌కైనా కావలసింది దాక్కునే సందులే. సిరామిక్ రాళ్లు ఆ పని చక్కగా చేస్తాయి. క్లౌన్ ఫిష్ సీ అనిమోన్ లేకుండానూ బతుకుతుంది.

అందరికీ ఇలా సర్దుకోవడం కుదరదు. సీతాకోకచిలుక చేపల్లో కొన్ని జాతులు పగడపు జీవుల్నే తిని బతుకుతాయి. పగడాలున్న తొట్టెలో వాటిని తినేస్తాయి, లేని తొట్టెలో పస్తుండి చస్తాయి. ఇక మాండరిన్ చేప. ప్రపంచంలో దీనికన్నా అందమైన చేప లేదనేవారున్నారు, కాదనడం కష్టం. పైన చెప్పిన స్ఫటికాల లెక్కకు ఇది లొంగదు. దీని నీలం నిజమైన వర్ణకమేనని జపాన్ పరిశోధకులు 1995లో చూపారు. జంతువుల్లో ఇది బహు అరుదు. కానీ దీని తిండి కోపీపాడ్‌ల వంటి కంటికి ఆనని రొయ్యజాతి జీవులు. పగలంతా రాళ్లమీద ఒక్కొక్కటీ ఏరుకుంటూ తింటుంది. చిన్న తొట్టెలో ఆ జీవులు కొద్ది వారాల్లో ఖాళీ. గుళికల మేత ముందు వేసినా చాలా చేపలు ముట్టవు. మిగతా చేపలతో అసలు గొడవపడని ఈ చేప, ఎవరూ ఏమీ అనకుండానే చిక్కిపోతుంది.

‘ఫైండింగ్ నెమో’ చూసిన పిల్లలు అడిగే బ్లూ టాంగ్ దుకాణంలో 5 సెంటీమీటర్లే ఉండవచ్చు. పెరిగితే 30 సెంటీమీటర్లు. దాని గురించి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

ఎక్కడ పుట్టింది?

మంచినీటి రంగుచేపల్లో ఎక్కువ శాతం చెరువుల్లో, తొట్లలో పుట్టినవే. సముద్రపు రంగుచేపలు మాత్రం చాలావరకు దిబ్బల నుంచి పట్టి తెచ్చినవి. కొన్నిచోట్ల రాతి సందుల్లో సోడియం సైనైడ్ ద్రావణం చిమ్మి, మత్తెక్కిన చేపల్ని పట్టే పద్ధతి చట్టవిరుద్ధమైనా సాగుతూనే ఉంది. చుట్టుపక్కల పగడాలూ దానితో చస్తాయి. అలా పట్టిన చేప దుకాణంలో బాగానే కనిపించి, ఇంటికొచ్చాక చనిపోవచ్చు. ఇండొనేషియాలో కొద్ది దీవుల చుట్టూ మాత్రమే ఉండే బాంగై కార్డినల్ చేపను అక్వేరియంల కోసం ఎంతగా పట్టారంటే, 2007లో అది అంతరించే ముప్పున్న జాతుల జాబితాకెక్కింది.

ఈ చేపల్ని పెంచడం కష్టమవడానికి కారణం వాటి లార్వాలు. చాలా జాతుల్లో అవి అతి సూక్ష్మంగా పుట్టి, వారాల తరబడి సముద్రంలో కొట్టుకుపోతూ పెరుగుతాయి. వాటి నోట్లో పట్టే మేతను అన్నాళ్లు అందించడం తేలిక కాదు. బ్లూ టాంగ్‌ను తొలిసారి ఫ్లోరిడా పరిశోధకులు 2016లో గానీ పెంచలేకపోయారు. క్లౌన్ ఫిష్ రాతికి గుడ్లు అంటించి తల్లిదండ్రులిద్దరూ కాపలా కాస్తాయి. వారం చిల్లరకు పిల్లలు బయటికొచ్చి రోటిఫర్లను తినగలుగుతాయి. అందుకే మన దేశంలోనూ ఇది సాధ్యమైంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తన విళింజం కేంద్రంలో క్లౌన్ ఫిష్‌ను, కొన్ని డామ్సెల్ జాతుల్ని పెంచే పద్ధతులు రూపొందించింది. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ తోడ్పాటుతో స్థానిక మహిళలు క్లౌన్ ఫిష్ పిల్లల్ని పెంచుతున్నారు.

తొట్టెలో పుట్టిన పిల్లకు గుళికల మేత చిన్నప్పటి నుంచీ అలవాటే. దుకాణదారు ముందు అడగవలసినవి రెండు: ఇది ఎక్కడ పుట్టిందో చెప్పమనడం, ఇప్పుడే కాస్త మేత వేసి చూపమనడం. మొదటిదానికి చాలాసార్లు సరైన జవాబు రాదు. రెండోదానికి జవాబు చేపే చెబుతుంది.