అవ్వ పాటకు కొలత ఉంది



ఛందస్సు అనగానే మనలో చాలామంది "అమ్మో, అది పండితుల విద్య, మనకెందుకమ్మా?" అనేస్తారు. బడిలో "యమాతారాజభానస" అని వల్లెవేసి, పరీక్ష కాగానే మరచిపోయినవాళ్ళమే అందరమూ. కాని మీ ఇంట్లో ఒక పాత పాటల పుస్తకం ఉండే ఉంటుంది. అవ్వ పాడుతూ ఉంటే అమ్మ రాసుకున్నది. అందులో ఒకచోట మాట చెరిగిపోయి ఉంటుంది. ఇంకొకచోట ఆ అవ్వే మరచిపోయి ఉంటుంది. అడుగుదామంటే ఆమె ఇప్పుడు లేదు. ఆ ఖాళీ పూరించుకోవడానికి ఛందస్సు పనికివస్తుందంటే నమ్ముతారా? ఎట్లాగో చూద్దాం.

మన సీమ ఆడవాళ్ళకు బాగా అచ్చివచ్చిన ఛందస్సు ద్విపద. రాజంపేట దగ్గరి తాళ్ళపాక అన్నమాచార్యుల భార్య తిమ్మక్క, 15వ శతాబ్దంలో "సుభద్రా కల్యాణం" రచించింది ద్విపదలోనే. తొలి తెలుగు కవయిత్రి అని ఆమెకు పేరు. గుర్రంకొండ దగ్గరి తరిగొండలో 1730లో పుట్టిన వెంగమాంబ భాగవతాన్ని ద్విపదలో రాసింది. తిరుమల కొండమీద నేడు వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. చిన్ననాడు గురువు దగ్గర ఓనమాలైనా చదవలేదనీ, ఛందస్సు నేర్వలేదనీ ఆమె "వేంకటాచల మాహాత్మ్యం"లో తానే చెప్పుకున్నది. అటువంటి ఆమెకు పట్టుబడిన ద్విపద మనకు మాత్రం ఎందుకు పట్టుబడదు?

ద్విపద అంటే రెండు పాదాలు. ఈ మాటలకోసం నేనే అల్లిన రెండు పాదాలు వినండి:

వంటింటి పొగలోన పాడిన పాట
కంటికి కనరాని కమ్మని తోట

ముందు కొలత. పొట్టి అక్షరం లఘువు, ఒక చిటికె. దీర్ఘమైనా, సున్న ఉన్నా, పక్కన ఒత్తక్షరం వచ్చినా గురువు, రెండు చిటికెలు. పాదంలో మూడు పెద్ద ముక్కలు, చివర ఒక చిన్న ముక్క ఉండాలి. పెద్దవి ఇంద్రగణాలు, నాలుగో అయిదో చిటికెలు. చిన్నది సూర్యగణం, మూడు చిటికెలు. వంటింటి అయిదు, పొగలోన అయిదు, పాడిన నాలుగు, పాట మూడు. రెండో పాదం మీరే చిటికె వేసి చూడండి. కంటికి నాలుగు, కనరాని అయిదు, కమ్మని నాలుగు, తోట మూడు. చిటికెలు సరిపోతే చాలదు, అమరిక కూడా కుదరాలి. ఇంద్రగణాలకు ఆరు అమరికలూ, సూర్యగణాలకు రెండూ ఉన్నాయి.

రెండవది యతి. పాదం మొదటి అక్షరానికీ, మూడో ముక్క మొదటి అక్షరానికీ చుట్టరికం ఉండాలి. "కం"కు "క" కలిసింది. "వం"కు "పా" ఎట్లా కలుస్తుందంటారా? ప, ఫ, బ, భ, వ లను యతికి ఒకే ఇంటి పిల్లలుగా ఎంచుతారు.

మూడవది ప్రాస. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. వంటింటి, కంటికి. రెండింటా టకారం, రెండింటా దానికి ముందు సున్న.

ఇప్పుడు అలంకారాలు. పాటను ఏకంగా తోట అన్నాం, అది రూపకం. "తోటలాగా ఉంది" అంటే ఉపమ అయ్యేది. కంటికి, కనరాని, కమ్మని అని కకారం మళ్ళీ మళ్ళీ రావడం అనుప్రాస.

ఒక్కో భాషది ఒక్కో పద్ధతి. 1954 దాకా మన యానాంను ఏలిన ఫ్రెంచివారిని చూడండి. వారికి పేరుపడ్డ ఛందస్సు అలెగ్జాండ్రిన్. పాదానికి పన్నెండు అక్షరాలు లెక్కపెడతారు, ఆరింటి తర్వాత విరుపు. గురులఘువుల తూకం లేదు. ప్రాస పాదం చివర వస్తుంది. 17వ శతాబ్దపు నాటకకర్త రసీన్ తన విషాద నాటకాలను ఇట్లాంటి జంట పాదాల్లోనే నడిపాడు. మెల్లగా జారిపోయే "ఎ"కారంతో ముగిస్తే స్త్రీ ప్రాస, లేకుంటే పురుష ప్రాస. ఒక జంట ఇదీ, మరో జంట అదీ రావాలని నియమం. మన ప్రాస పాదం తలదగ్గర కలుస్తుంది, వారిది తోకదగ్గర కలుస్తుంది. నా ద్విపదలో పాట, తోట అని చివరలు కూడా కలిశాయి చూడండి. అది మనకు అదనపు సొగసు, వారికి తప్పనిసరి.

ఇక అవ్వ పుస్తకానికి వద్దాం. అందులో "కంటికి కనరాని ... తోట" అని మిగిలి, నడుమ మాట చెరిగిపోయిందనుకోండి. "చల్లని" అని పెట్టి చూద్దాం. అర్థం బాగుంది, చిటికెలూ సరిపోయాయి. కాని "కం"కు "చ"తో యతి కుదరదు. కకారపు ఇంటి మాటే, నాలుగైదు చిటికెల మాటే వెతకాలి. వెతికితే "కమ్మని" దొరుకుతుంది. పోయిన మాట ఎంత పొడుగో, ఏ అక్షరంతో మొదలో ఛందస్సే చెప్పేసింది!

ఒక్క జాగ్రత్త. ఆడవాళ్ళ పాటలన్నీ ఇంత కచ్చితంగా ఉండవు. తక్కువైనచోట రాగం తీసి సరిపెడతారు. అందుకని అవ్వ పాటను దిద్దేయకండి. ఉన్నది ఉన్నట్లే ఉంచి, మీ ఊహ పక్కన పెన్సిలుతో రాసుకోండి.

గ్యాసుపొయ్యిలు వచ్చి వంటింట్లో పొగ పోయింది, మంచిదే. పొగతోపాటు పాట కూడా పోతే ఎట్లా? ఈ ఆదివారం ఆ పుస్తకం దుమ్ము దులపండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చిటికె వేయండి. పెద్దత్తయ్యో, మేనత్తో ఇంకా ఉంటే, వారిని ఇవాళే పాడించుకోండి.