బోర్డో ఎర్ర వైన్: నమూనా నేడు, సరుకు రెండేళ్లకు

సరుకు చేతికి అందడానికి ఏడాదిన్నర, రెండేళ్ల ముందే రొక్కం చెల్లించే బజారు ఒకటి ఫ్రాన్సులో ఉన్నది. నైరుతి ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్‌కు ఏటా వసంతంలో జరిగే ముందస్తు బేరాలివి. కొనేవారికి ఆధారం పీపాలో నుంచి తీసిన ఆరు నెలల వయసు నమూనా మాత్రమే.

ద్రాక్ష కోత సెప్టెంబర్, అక్టోబర్ మాసాల్లో జరుగుతుంది. పులిసిన రసం ఓక్ కలప పీపాలకు చేరుతుంది. పీపా 225 లీటర్లు. అనగా 750 మిల్లీలీటర్ల సీసాలు 300. ఏప్రిల్ ప్రాంతంలో దేశదేశాల వర్తకులు, విమర్శకులు వచ్చి నమూనాలు రుచి చూస్తారు. పిమ్మట ఎస్టేట్లు ధరలు ప్రకటిస్తాయి. ఎస్టేటుకు, టోకు వర్తకునికి నడుమ దళారీ ఉంటాడు. అతనికి ఆనవాయితీగా ముట్టే కమీషన్ 2 శాతం.

రోజుకు పదుల కొద్దీ నమూనాలు చూడాలి కనుక ఎవరూ మింగరు, పుక్కిలించి ఉమ్మివేస్తారు. ప్రాంతం ఒకటే అయినా సరుకు ఒకటి కాదు. ఎడమగట్టున మెడోక్‌లో గులకరాతి నేల, కాబర్నే సావిన్యో ద్రాక్ష ప్రధానం. ఈ వైన్ లేతగా ఉన్నపుడు వగరు ఎక్కువ. పక్వానికి ఏళ్లు పడుతుంది. కుడిగట్టున సెంటెమిల్యోన్, పొమెరోల్‌లలో మెర్లో ద్రాక్షది పైచేయి, త్వరగా మెత్తబడుతుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి, నేడు నోటికి ఇంపైనదే మేలని తీర్మానిస్తే బేరం తలకిందులు కావచ్చు. వగరు లోపం కాదు, నిల్వకు అండ. అయితే దానికి సరితూగే పండు రుచి, పులుపు ఉండాలి. లేకున్న కొన్నేళ్లకు మిగిలేది వగరే.

పేరు చూసి రుచి చెప్పడం మరొక ప్రమాదం. 1855 పారిస్ ప్రదర్శనకై బోర్డో దళారీలు ఆనాటి ధరలను బట్టి ఎర్ర వైన్ ఎస్టేట్లను అయిదు తరగతులుగా విభజించారు. ఆ పట్టికే నేటికీ ధరలను శాసిస్తున్నది. 1973లో మూటోన్ రాత్‌షీల్డ్‌ను రెండవ తరగతి నుంచి మొదటికి చేర్చడం అందులో జరిగిన అరుదైన మార్పు. అందుకే జాగ్రత్తపరులు పేరు కప్పిపెట్టి రుచి చూస్తారు.

లాభనష్టాలు రెండూ ఈ బజారు చవిచూసినదే. 1972 పంట నాసిరకమైనా ధర మండిపోయింది. 1973 చమురు సంక్షోభంతో బజారు కూలి, నిల్వలు పెట్టుకున్న వర్తకులు దెబ్బతిన్నారు. 1982 పంటను ముందే కొన్నవారు బాగా గడించారు. 2012లో లతూర్ ఎస్టేటు ముందస్తు అమ్మకాల నుంచి తప్పుకొని, పక్వానికి వచ్చిన సరుకే అమ్ముతామన్నది. 2025లో అమ్మకానికి వచ్చిన 2024 పంటకు పేరున్న ఎస్టేట్లు పలు ధర తగ్గించినా గిరాకీ మందకొడిగానే సాగింది.

కారణం సులభమే. అదే ఎస్టేటు పాత పంట, సీసాల్లో సిద్ధంగా, అంతకన్న చౌకగా దొరుకుతుంటే రెండేళ్ల వడ్డీ భరించి కొత్తది కొనడమెందుకు? నాలుక చెప్పిన తీర్పును చివరకు ఖాతా పుస్తకమే ఖాయం చేయాలి.