‘బోరు’: ఒక ఆంగ్ల పదం, దక్షిణ తెలంగాణలో దాని అర్థవిస్తృతి

ఉపోద్ఘాతం

అన్యభాషా పదం తెలుగులోకి వచ్చేటప్పుడు మూలభాషలోని అర్థాలన్నిటినీ వెంట తెచ్చుకోదు. వచ్చిన అర్థాలు కూడా చేరిన నేల అవసరాన్ని బట్టి మారుతాయి. ఆంగ్లంలో నానార్థకమైన ‘బోర్’ అనే పదం నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వ్యవహారంలో ఎలా స్థిరపడిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. ఆంగ్లంలో వ్యుత్పత్తి

ఆంగ్లంలో ‘బోర్’ రూపం ఒకటే అయినా మూలాలు వేరు. ‘రంధ్రం చేయు’ అనే అర్థం ప్రాచీనాంగ్ల ‘బోరియన్’ నుంచి వచ్చింది. లాటిన్ ‘ఫొరారె’ దీనికి సజాతి పదం. తుపాకి గొట్టం లోపలి వ్యాసాన్ని ‘బోర్’ అనడం ఈ అర్థానికి విస్తరణమే. ‘మోయు’ అనే అర్థం గల ‘బేర్’ క్రియకు భూతకాల రూపమైన ‘బోర్’ వేరొక ధాతువుకు చెందినది. పోటు వేళ హుగ్లీ వంటి నదుల్లోకి ఎదురెక్కే అలను తెలిపే ‘బోర్’కు అల అనే అర్థం గల ప్రాచీన నార్స్ పదం ‘బార’ మూలమని భాషావేత్తల అభిప్రాయం. ‘విసుగు’ అనే అర్థం 18వ శతాబ్దిలో వ్యాప్తిలోకి వచ్చింది. దాని వ్యుత్పత్తిపై ఏకాభిప్రాయం లేదు.

2. తెలుగులో రూపం, క్రియాయోగం

తెలుగులో ఈ పదం ఉకారాంతమై, ‘కారు – కార్లు’ వలె ‘బోరు – బోర్లు’ అయింది. పై అర్థాలలో తవ్వకం, విసుగు అనే రెండే జనవ్యవహారంలో బలంగా నిలిచాయి. వాటిని వేరుచేసేది పక్కన చేరిన క్రియ. ‘బోరు వేయించినాడు’ అంటే బావి. ‘నాకు బోరు కొడుతున్నది’ అంటే విసుగు. రెండవది ‘నాకు ఆకలి వేస్తున్నది’ వంటి నిర్మాణం. అనుభవించే వ్యక్తి చతుర్థీ విభక్తిలో ఉంటాడు. ‘ఆమె బోరింగు కొడుతున్నది’ అన్నప్పుడు మాత్రం విసుగుతో పనిలేదు. ఆమె చేతిపంపుతో నీళ్లు తోడుతున్నది. ఆంగ్లంలో తవ్వే పనికి పేరైన ‘బోరింగ్’ ఇక్కడ ఒక వస్తువుకు పేరైంది. ఇక ‘బోరుమని ఏడ్చు’లోని ‘బోరు’ ధ్వన్యనుకరణం. ‘ఘొల్లుమను’ వంటి ఆ పదానికి ఆంగ్లంతో సంబంధం లేదు.

3. నేల చేర్చిన అర్థాలు

ఈ రెండు జిల్లాలది ప్రధానంగా గ్రానైటు, నైసు శిలల మెట్టభూమి. భూగర్భజలం ఎక్కువగా రాతి పైపొరల్లో, పగుళ్లలో దొరుకుతుంది. అందువల్ల బోరు వేయడం రైతుకు ఒక పందెం. ‘బోర్ల నీళ్లు పడ్డయి’, ‘బోరు ఫెయిలైంది’ అనే వాక్యాలు ఆ పందెంలో గెలుపోటములను చెబుతాయి. పడిన నీటిని ‘రెండించులు’, ‘మూడించులు’ అని కొలుస్తారు. ఎండిన మోటబావిని పూడిక తీసి లోతు చేసుకోవచ్చు; నీరు పడని బోరు పెట్టిన సొమ్మును తిరిగి ఇవ్వదు. ‘బోర్లు వేసి అప్పులపాలైనాడు’ అనే మాటలో ‘బోరు’ ఒక కుటుంబం పతనానికి కారణాన్ని చెప్పే పదం.

తాగునీటి విషయంలో మరొక అర్థచ్ఛాయ చేరింది. శిలల్లోని ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగినవారికి పళ్లు గారపట్టాయి, ఎముకలు వంగాయి. అందుచేత అక్కడ ‘బోరు నీళ్లు’ అనే సమాసం నీటి వనరుతో పాటు ఒక భయాన్నీ సూచిస్తుంది; ‘కృష్ణా నీళ్లు’ దానికి ప్రతిపదం. నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆంగ్లం నుంచి ‘బోరు’ను తీసుకున్న జిల్లా, ఆ నీటి బాధ కారణంగా తన పేరును ఆంగ్ల శాస్త్రపరిభాషకు ఇచ్చింది.

ముగింపు

‘గొట్టపుబావి’ అనే అనువాదం పుస్తకాల్లో ఉన్నా రైతు నోట ‘బోరు’ పదమే నిలిచింది. నిఘంటువులు దీనిని ‘గొట్టపుబావి, విసుగు’ అని రెండు అర్థాలతో ముగించడం చాలదు. క్రియాయోగాలను, ‘బోరు నీళ్లు’ వంటి సమాసాలను, ప్రాంతీయ ఛాయలను ఆరోపాలుగా చేర్చాలి. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వెలసిన మిషన్ భగీరథ పథకంతో నల్లానీరు ఊళ్లకు చేరి, బోరింగు వాడకం తగ్గుతున్నది. ‘బోరింగు కొట్టు’ అనే మాటను నిత్యం పలికిన తరం ఉండగానే ఈ పదజాలాన్ని సేకరించవలసి ఉంది.