బల్బును బతికించిన నిరోధం

విద్యుద్దీపాన్ని ఎవరు కనిపెట్టారంటే చాలామంది ఎడిసన్ పేరే చెబుతారు. ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ 1879 మొదట్లోనే న్యూకాసిల్‌లో కర్బన దీపాన్ని జనం ముందు వెలిగించాడు కదా అని చరిత్ర తెలిసినవారు అడ్డుపడతారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే; దీపం వెలిగించడంలో ఎడిసన్ మొదటివాడు కాడు. కానీ మెన్లో పార్కు ప్రయోగశాలలో ఆయన బృందం సాధించిన అసలు విషయం వెలుగు కాదు. ఇంటింటికీ వెళ్లాల్సిన దీపానికి ఎంత నిరోధం ఉండాలో లెక్కగట్టి తేల్చడమే వారి ఘనత. ఆ లెక్కల్లో ఎక్కువ పాలు గణితవేత్త ఫ్రాన్సిస్ ఆప్టన్‌ది. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించకపోవడం అన్యాయం.

అప్పటి ఆర్కు దీపాలను శ్రేణిలో కలిపి, ఒకే కరెంటును అన్నింటి గుండా పంపేవారు. ఎవరి దీపాన్ని వారు ఆర్పుకోవాల్సిన ఇళ్లకు ఆ పద్ధతి పనికిరాదు. దీపాలను సమాంతరంగా కలపాలి. అలా కలిపితే ప్రతి దీపం తీసుకునే కరెంటూ కూడి ప్రధాన తీగలో పారుతుంది. తీగలో వృథా అయ్యే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జౌల్ 1841లోనే చూపాడు. అందుకే విద్యుత్ వెలుగును చిన్న దీపాలుగా పంచడం అసాధ్యమని విలియం ప్రీస్ వంటి నిపుణుడే అన్నాడు. తక్కువ నిరోధమున్న దీపాలనే లెక్కలోకి తీసుకుంటే ఆయన మాట తప్పేమీ కాదు. 100 వాట్ల దీపానికి నిరోధం 1 ఓమే అయితే దానికి 10 వోల్టులు, 10 ఆంపియర్లు కావాలి. అదే 100 వాట్లను 121 ఓముల దీపం 110 వోల్టుల దగ్గర ఒక ఆంపియరు కూడా నిండకుండా, సుమారు 0.91 ఆంపియర్లతో తీసుకుంటుంది. కరెంటు 11వ వంతుకు దిగింది. అదే తీగలో నష్టం 121వ వంతుకు పడిపోయింది. మొదటి దీపంతోనూ నష్టాన్ని అంతే తక్కువగా ఉంచాలంటే 121 రెట్లు రాగి వేయాలి. ఏ నగరమూ అంత రాగి కొనలేదు.

నిరోధం పెంచితే వెలుగు తగ్గదా అన్న సందేహం సహజమే. వోల్టేజి మారకుండా ఉంటే తగ్గుతుంది. కరెంటు మారకుండా ఉంటే పెరుగుతుంది. రెండు సూత్రాలూ పైన చెప్పిన జౌల్ నియమానికి ఓమ్ 1827లో ప్రచురించిన నియమాన్ని కలిపితే వచ్చేవే. ఏది స్థిరంగా ఉందో చూడకుండా సూత్రాన్ని బట్టీపట్టినవారికే అవి పరస్పర విరుద్ధంగా తోస్తాయి. ఎడిసన్ నిరోధాన్ని పెంచి ఊరుకోలేదు, దానికి తగ్గట్టు వోల్టేజినీ పెంచాడు. ఎక్కువ నిరోధానికి సన్నని పొడవాటి ఫిలమెంటు కావాలి. అంత సన్ననిది గాలిలో క్షణంలో కాలిపోతుంది కాబట్టి, బుడ్డిలోంచి గాలిని దాదాపు పూర్తిగా తోడేయాలి. 1879 అక్టోబరులో బొగ్గుగా మార్చిన నూలుదారం గంటల తరబడి వెలిగింది. 1880 జనవరి 27న పేటెంటు వచ్చింది. 1882 సెప్టెంబరు 4న న్యూయార్కు పెర్ల్ స్ట్రీటు కేంద్రం సుమారు 400 దీపాలతో మొదలైంది.

చివరికి ఎడిసన్ వాడిన డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) ఏసీ (దిశ మారుతూ పారే కరెంటు) ముందు ఓడిపోయింది కదా అనేవారూ ఉన్నారు. ఓడిపోయిన మాట నిజం. 110 వోల్టులతో మైలుకు మించి సరఫరా చేయడం గిట్టుబాటు కాలేదు. కానీ ఏసీ గెలిచిందీ ఆ లెక్కతోనే. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని ఎన్నో రెట్లు పెంచి, కరెంటును అన్ని రెట్లు తగ్గించి, దూరం చేరాక మళ్లీ దించగలిగింది. ఈనాడు కర్నూలు సబ్‌స్టేషన్‌ను తాకే పెద్ద లైన్లు 7,65,000 వోల్టుల దగ్గర నడుస్తున్నది తీగలో పారే కరెంటును తగ్గించడానికే.