చలినీటిలో చేతికందే కొక్కెం

అంటార్కిటికాలోని మెక్‌మర్డో తీరాన మంచుపొర క్రింది సముద్రజలపు ఉష్ణోగ్రత సున్నకు దిగువన 1.8 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఉప్పు కలిసి ఉన్నందున అంతటి చలిలోనూ ఆ నీరు ద్రవరూపంలోనే నిలుస్తుంది. సముద్రజీవులను పరిశీలించే శాస్త్రజ్ఞులు మంచుకు రంధ్రం చేసి అందులోకి దిగుతారు. తిరిగి పైకి రావడానికి దారి ఆ రంధ్రమే. కనుక గాలి ఎంత మిగిలిందో వారు వెంటనే తెలుసుకోగలగాలి; ఒక దీపం ఆరితే మరొకటి చేతికి అందాలి.

ఈ సాధనాలన్నీ భుజపట్టీలకు, నడికట్టుకు కొక్కేలతో వ్రేలాడుతుంటాయి. అయితే మందమైన తొడుగులు ధరించిన వేళ్ళకు స్పర్శజ్ఞానం తగ్గుతుంది. చిన్న మీట పట్టుకు చిక్కదు. అందుచేత బొటనవ్రేలితో లాగే పెద్ద మీట, విశాలమైన కొక్కెం గల 'బోల్టు స్నాప్' అనుకూలమైనది.

నొక్కగానే లోపలికి తెరచుకునే కారబైనర్ ఇంకా సులభమనిపిస్తుంది. కాని త్రాడు తగిలినా అది తెరచుకొని దానిని బంధిస్తుంది, ఈతగాడు చిక్కుకుపోతాడు. కేవలం సౌలభ్యమే ప్రమాణం కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

కొక్కెం తుప్పును తట్టుకొనే స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి. దానిని సాధనానికి లోహపు కడియంతో కాక సన్నని త్రాడుతో కట్టడం మేలు. కొక్కెం బిగుసుకుపోతే కత్తితో త్రాడును కోసి సాధనాన్ని విడిపించుకోవచ్చు.

కొనేముందు తొడుగులు ధరించి, కన్నులు మూసుకొని కొక్కేన్ని తెరచి చూడాలి. ఒడ్డున లొంగనిది నీటిలో లొంగదు.