గేమింగ్ కంప్యూటరు: విడిభాగాల యంత్రం కథ

గేమింగ్ డెస్క్‌టాప్ ఒకే కర్మాగారంలో తయారై బయటికొచ్చే వస్తువు కాదు. ప్రాసెసర్ ఒక కంపెనీది, గ్రాఫిక్స్ కార్డు మరొక కంపెనీది. ర్యామ్, సమాచారం దాచే ఎస్.ఎస్.డి., కరెంటు పంచే ఎస్.ఎం.పి.ఎస్., కేబినెట్ తలా ఒకచోట పుట్టినవి. వాటిని కొనితెచ్చి బిగించుకునేవారి బల్ల మీదే అది యంత్రం అవుతుంది. అలాంటి బల్లలు హైదరాబాద్ పాతబస్తీలో, ఫలక్‌నుమా పక్కనున్న జహనుమా ఇళ్లలోనూ ఉంటాయి. ఫారసీలో ‘జహాన్’ అంటే లోకం, ‘నుమా’ అంటే చూపేది. ఆటల కంప్యూటరు చేసేదీ ఆ పనే. సెకనుకు పదుల సార్లు, వందల సార్లు ఒక లోకాన్ని కొత్తగా గీసి తెర మీద చూపుతుంది. అందులో ఏ భాగానికి ఎంత ఖర్చు పెట్టాలో తెలియాలంటే ముందు ఆ యంత్రం ఎలా పుట్టిందో తెలియాలి.

పెట్టె తెరుచుకున్న కాలం

కంప్యూటరు తయారీ హైదరాబాద్‌కు కొత్త కాదు. 1967లో ఇక్కడ ఏర్పడిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇ.సి.ఐ.ఎల్. పేరు మీద 1969లో టి.డి.సి.-12 అనే డిజిటల్ కంప్యూటరు వెలువడింది. ఆనాటి కంప్యూటర్లు పెద్ద సంస్థలకే పరిమితం. ఒక భాగం పాడైతే తయారీదారు దగ్గరికే వెళ్లాలి.

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు ఈ పద్ధతిని మార్చింది. త్వరగా మార్కెట్లోకి రావాలని ఆ కంపెనీ బయట దొరికే భాగాలనే వాడింది. ఇంటెల్ 8088 ప్రాసెసర్ వేగం 4.77 మెగాహెర్ట్జ్, కరెంటు సరఫరా సామర్థ్యం 63.5 వాట్లు. కార్డులు గుచ్చుకోవడానికి లోపల 5 స్లాట్లు ఉండేవి. వాటి సాంకేతిక వివరాలు పుస్తకంగా అచ్చువేయడంతో ఎవరైనా అందులో పట్టే కార్డు తయారుచేయగలిగారు. 1995లో ఇంటెల్ ‘ఏ.టి.ఎక్స్.’ ప్రమాణాన్ని తెచ్చింది. మదర్‌బోర్డు కొలత 305×244 మిల్లీమీటర్లు. స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలో, కరెంటు తీగల కొన ఎలా ఉండాలో కూడా నిర్ణయమైంది. ఒక దేశపు బోర్డు ఇంకో దేశపు కేబినెట్‌లో నేటికీ సరిగ్గా కూర్చుంటోందంటే ఆ ప్రమాణం వల్లే.

మన దేశంలో 1984 నాటి కంప్యూటర్ విధానం దిగుమతుల నిబంధనలను సడలించింది. 1997లో భారత్ చేరిన సమాచార సాంకేతిక ఒప్పందం సుంకాలను క్రమంగా తగ్గించింది. విడిభాగాలు విరివిగా రావడంతో ‘అసెంబుల్డ్ సిస్టమ్’ అనే మాట ఇంటింటికీ చేరింది. జంటనగరాల్లో ఆ వ్యాపారానికి పెద్ద కేంద్రం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. జనం నోట అది సి.టి.సి. జహనుమా వాసి ఫలక్‌నుమాలో ఎం.ఎం.టి.ఎస్. రైలు ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగుతాడు. చిన్న డబ్బాలు సంచిలో పెట్టుకుని రైల్లో తెచ్చుకోవచ్చు. మానిటర్‌కు మాత్రం ఆటో మాట్లాడుకోవడం మంచిది.

బొమ్మ గీసే భారం

1993లో వచ్చిన ‘డూమ్’ ఆటలో ప్రతి గోడనూ ప్రాసెసరే లెక్కగట్టి గీసేది. ఆ బరువు దించినవాటిలో పేరు మోసింది 1996 నాటి 3డి.ఎఫ్.ఎక్స్. కంపెనీ ‘వూడూ’ కార్డు. దాని మీద 4 మెగాబైట్ల మెమరీ ఉండేది. మామూలు తెర పనికి ఇంకో కార్డు ఉండాల్సిందే. ఆ రెండింటినీ ఒక పొట్టి తీగతో కలిపేవారు. 1999లో ఎన్విడియా ‘జీఫోర్స్ 256’ను విడుదల చేసి, దాన్ని జి.పి.యు. అని పిలిచింది. త్రిమితీయ ఆకారాలను తిప్పడం, వాటి మీద వెలుగు ఎలా పడుతుందో లెక్కించడం కూడా ఆ చిప్పే చేసింది. 2022 నాటి ఆర్.టి.ఎక్స్. 4090 చిప్‌లో ట్రాన్సిస్టర్లు 7,630 కోట్లు. ఆ ఒక్క కార్డుకే 450 వాట్లు కావాలి. ఐ.బి.ఎం. పెట్టె మొత్తానికి సరిపోయిన కరెంటుకు అది ఏడు రెట్లు. ఈ రోజు గేమింగ్ కంప్యూటరు ఖర్చులో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుదే కావడం వెనకున్నది ఈ చరిత్రే.

ఎంపిక మానిటర్‌తో మొదలు

చాలామంది ప్రాసెసర్‌తో మొదలుపెడతారు. కాని గీయాల్సింది ఎంతో చెప్పేది తెర. 1920×1080 తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. 2560×1440 అయితే 36,86,400. 4కె తెర మీద 82,94,400. మొదటిదానికి మూడోది సరిగ్గా నాలుగు రెట్లు. సెకనుకు 60 సార్లు మారే తెరకు ఒక్కో బొమ్మ గీయడానికి 16.7 మిల్లీసెకన్ల గడువుంటుంది. 144 హెర్ట్జ్ తెరకు ఆ గడువు 6.9 మిల్లీసెకన్లే. తెర కొలత, వేగం ముందు నిర్ణయమైతే మిగతా భాగాల జాబితా దానంతటదే కుదురుతుంది.

తర్వాత గ్రాఫిక్స్ కార్డు. మానిటర్ పక్కన పెట్టి చూస్తే, పెట్టె ఖర్చులో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా దీనికి కేటాయించడం న్యాయం. మెమరీ ఎంతుందో చూడాలి. కొత్త ఆటల్లో నాణ్యత పెంచితే 8 గిగాబైట్లు ఇరుకవుతున్నాయి. 12 లేదా 16 ఉన్న కార్డు ఎక్కువకాలం నిలుస్తుంది. ఒకే పేరుతో రెండు మెమరీ పరిమాణాల్లో అమ్మే కార్డులూ ఉన్నాయి కనుక డబ్బా మీది అంకె చదవనిదే డబ్బు ఇవ్వకూడదు.

ప్రాసెసర్ గ్రాఫిక్స్ కార్డుకు జోడెద్దు లాంటిది. ఒకటి వెనకబడితే రెండోది ఎంత బలమైనదైనా బండి వేగం వెనకబడ్డదానిదే. శత్రువులు ఎటు కదలాలి, బంతి ఎక్కడ పడాలి అన్న లెక్కలు ప్రాసెసర్‌వి. ఈ లెక్కలకు కావలసిన సమాచారం చేతికందే దూరంలో ఉంటే పని వేగం పెరుగుతుంది. 2022లో ఎ.ఎం.డి. రైజెన్ 7 5800ఎక్స్3డి ప్రాసెసర్‌లో చిప్ మీద మరో మెమరీ పొర పేర్చి, ఎల్3 క్యాష్‌ను 96 మెగాబైట్లకు పెంచింది. కోర్ల సంఖ్య పెంచకుండానే ఆటల వేగం పెరిగింది. ఆటకు కోర్ల లెక్క ఒక్కటే కొలమానం కాదని అది రుజువు చేసింది.

మదర్‌బోర్డు ఎంపికలో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఆయుష్షు ముఖ్యం. ఎ.ఎం.డి. ఎ.ఎం.4 సాకెట్ 2016లో వస్తే, దానికి 2024లోనూ కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. 2022లో ఎ.ఎం.5 మొదలైంది. ఇంటెల్ 2021 నాటి ఎల్.జి.ఎ. 1700 తర్వాత 2024లో 1851కి మారింది. సాకెట్ మారితే పాత బోర్డులో కొత్త ప్రాసెసర్ పట్టదు. రంగు లైట్ల కోసం ఖరీదైన బోర్డు కొనడం కంటే ఆ తేడా గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టడం మేలు.

ర్యామ్ ఒక్క ముక్కగా కాక జతగా కొనాలి. 16 గిగాబైట్ల ముక్కలు రెండు వేస్తే సమాచారం రెండు దారుల్లో నడుస్తుంది. 32 గిగాబైట్ల ఒంటి ముక్కకు ఒకే దారి. డి.డి.ఆర్.4 బోర్డులో డి.డి.ఆర్.5 కూర్చోదు, గాడి చోటే వేరు. 2025 చివర్లో కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు అమాంతం పెరిగాయి. హైదరాబాద్‌లోనూ పెద్ద కేంద్రం ఉన్న మైక్రాన్ ఆ డిసెంబరులో వినియోగదారుల మార్కెట్ కోసం నడిపే ‘క్రూషియల్’ వ్యాపారం నుంచి తప్పుకుంటామని ప్రకటించింది. ఎస్.ఎస్.డి. విషయం సులువు. సాటా రకం సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగితే, నాలుగో తరం ఎన్.వి.ఎం.ఇ. 7,000 దాకా వెళుతుంది. దానివల్ల ఆట త్వరగా తెరుచుకుంటుందే గాని, బొమ్మలు గీసే వేగం పెద్దగా పెరగదు.

కరెంటు, వేడి, దుమ్ము

ఎక్కువమంది చివర్లో మిగిలిన డబ్బుతో కొనే భాగం ఎస్.ఎం.పి.ఎస్. నిజానికి మిగతా అన్నిటి ప్రాణం దాని చేతిలోనే ఉంటుంది. గోడలోని 230 వోల్టులను అది 12, 5, 3.3 వోల్టులుగా మార్చి పంచుతుంది. నాసిరకం యూనిట్ కాలిపోతూ బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోవచ్చు. డబ్బా మీది వాట్లతో పాటు కరెంటు వృథా తక్కువని చెప్పే, 2004లో మొదలైన ‘80 ప్లస్’ గుర్తునూ, వారంటీ ఏళ్లనూ చూడాలి. మధ్యరకం కార్డున్న సిస్టమ్‌కు 650 వాట్ల మంచి యూనిట్ సాధారణంగా సరిపోతుంది. 2022లో పెద్ద కార్డుల కరెంటు కొనలు కొన్ని కరిగిపోయాయి. కొన పూర్తిగా లోపలికి దిగకపోవడం అందుకు ప్రధాన కారణంగా తేలింది. గట్టిగా నొక్కి, సందు లేదని కంటితో చూసుకున్నాకే స్విచ్ వేయాలి.

కరెంటు పోయి వచ్చే ఇళ్లలో యూపీఎస్ తప్పదు. 600 వి.ఎ. అని రాసి ఉన్న చిన్న యూపీఎస్‌లలో చాలావాటి అసలు సామర్థ్యం 360 వాట్లే. ఆట మధ్యలో సిస్టమ్ 400 వాట్లు లాగుతుంటే అది చేతులెత్తేస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని ‘యూపీఎస్ మోడ్’లో పెట్టాలి. కరెంటు పోయాక ఎస్.ఎం.పి.ఎస్. తన కెపాసిటర్లలోని నిల్వతో సుమారు 16 మిల్లీసెకన్లే నెట్టుకురాగలదు. ఆలోగా బ్యాటరీ అందుకోవాలి. ప్లగ్గులో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం ఏ ఖరీదైన భాగం కంటే తక్కువ ముఖ్యం కాదు.

హైదరాబాద్ ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. కూలర్ చేయగలిగింది చిప్ వేడిని గది గాలికి అప్పగించడమే. 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీల దగ్గర ఉండే చిప్, 38 డిగ్రీల గదిలో సుమారు 83 డిగ్రీలకు చేరుతుంది. మితిమీరితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందుకే ముందువైపు మూసిన గాజు పలకల కేబినెట్ కంటే జాలీ ముఖం, దుమ్ము ఫిల్టరు, ముందు రెండు, వెనక ఒకటి ఫ్యాన్లు ఉన్న కేబినెట్ ఇక్కడి వాతావరణానికి తగినది. రోడ్డు పక్క ఇళ్లలో రెండు మూడు నెలలకోసారి ఫిల్టరు దులపాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

బిగింపు

బోర్డును దాని డబ్బా మీదే పెట్టి పని మొదలుపెట్టాలి. ప్రాసెసర్ మూల మీది చిన్న త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణంతో కలిపి, నొక్కకుండా జారవిడవాలి. అది తన బరువుతోనే కూర్చుంటుంది. బఠాణీ గింజంత థర్మల్ పేస్టు చాలు. రెండు ర్యామ్ ముక్కలను, నాలుగు స్లాట్ల బోర్డయితే సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో, టక్కుమనే దాకా నొక్కాలి. డి.డి.ఆర్.5 సిస్టమ్ మొదటిసారి ఆన్ చేస్తే తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు. అప్పుడు బోర్డు ర్యామ్ వేగాన్ని పరీక్షించుకుంటూ ఉంటుంది. కంగారుపడి స్విచ్ తీయకూడదు. మానిటర్ తీగను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చాలి. ఈ ఒక్క పొరపాటుతో కొత్త కార్డు పని లేకుండా కూర్చుంటుంది. 144 హెర్ట్జ్ తెరయితే ఆపైన విండోస్ సెట్టింగుల్లో ఆ వేగాన్ని ఎంచుకోవాలి. లేకపోతే తెర 60 దగ్గరే ఉండిపోవచ్చు.

యంత్రం వయసు

విడిభాగాల యంత్రం ఒక్కసారిగా ముసలిదవదు. ముందు గ్రాఫిక్స్ కార్డు వెనకబడుతుంది, తర్వాత ప్రాసెసర్. కేబినెట్, మంచి ఎస్.ఎం.పి.ఎస్., మానిటర్ రెండు మూడు తరాల చిప్‌లకు తోడుంటాయి. పాత కార్డు కొనేవారు మాత్రం అది క్రిప్టో కరెన్సీ మైనింగ్‌లో అరిగిందేమో చూసుకోవాలి. 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ మైనింగ్ ఆగాక అలాంటి కార్డులు మార్కెట్లో బాగా పేరుకున్నాయి. ప్రతి భాగానికీ జి.ఎస్.టి. బిల్లు తీసుకుని, దాని మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి. వారంటీకి ఆధారం అదే.

పనికిరాని బోర్డులు, కార్డులు చెత్తబుట్టలో వేయకూడదు. వాటిలోని సీసం నేలకూ నీటికీ చేటు. వాటిని నమోదైన రీసైక్లర్లకు చేర్చాలి; ఇ-వ్యర్థాల కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. మొత్తం మీద, తెరను బట్టి కార్డు, కార్డును బట్టి ప్రాసెసర్, అన్నిటినీ బట్టి ఎస్.ఎం.పి.ఎస్., ఊరి ఎండను బట్టి కేబినెట్. ఈ వరస పాటించి కొన్న కంప్యూటరు ఏళ్ల తరబడి పనిచేస్తుంది.