ఊదమంటే ఊదాలా?

డాలస్ నుంచి పెళ్లికని వచ్చిన మా అన్న కొడుకు, కర్నూలు నంద్యాల చెక్‌పోస్టు దగ్గర పోలీసులు కారు పక్కకు తీయమనగానే అద్దం కూడా దించకుండా తీర్పు చెప్పేశాడు. “ఇది ఇల్లీగల్ చిన్నాయనా. దోవన పోయే ప్రతివాణ్ణీ ఆపి ఊదమంటే రాజ్యాంగం ఒప్పుకోదు.” ఏ దేశపు రాజ్యాంగం నాయనా అని అడిగేలోపే కానిస్టేబుల్ టార్చిలైటు వేసుకుని వచ్చేశాడు. ఆ రాత్రి ఏమైందో చివర్లో చెబుతాను. ముందు వాడి లా పాయింటు తేల్చాలి, ఎందుకంటే అది వాడొక్కడిదే కాదు. కడప ఏడురోడ్ల కూడలిలో టీ తాగేవాళ్ల నుంచి ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మిత్రుడి దాకా నన్ను ఇదే అడుగుతున్నారు. సగం మంది ‘ఆపడమే చట్టవిరుద్ధం’ అంటారు. మిగతా సగం ‘పోలీసోడు ఏం చేసినా చెల్లుతుంది, ఐదొందలు చేతిలో పెట్టి పోవాల’ అంటారు. రెండు మాటలూ తప్పే. రెండోది మరీ తప్పు.

మావాడు చెప్పిందాంట్లో నిజం లేకపోలేదు. కాకపోతే అది టెక్సాస్ నిజం. మిషిగన్ రాష్ట్రంలో ఇలాంటి తనిఖీల మీద వేసిన కేసు 1990లో అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. అందర్నీ కాసేపు ఆపి చూడడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని ఆరుగురు జడ్జీలు అన్నారు, ముగ్గురు ఒప్పుకోలేదు. తమాషా ఏమంటే, కేసు గెలిచిన మిషిగన్‌కే ఆ గెలుపు దక్కలేదు. మా రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం కుదరదని 1993లో అక్కడి రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. టెక్సాస్‌లోనూ 1994 నాటి ఒక తీర్పు తర్వాత ఈ తనిఖీలకు దారి మూసుకుపోయింది. మనవాళ్లు దండిగా ఉండే డాలస్‌లో విన్న ఆ ముక్కను మావాడు విమానంలో మోసుకొచ్చి తుంగభద్ర ఒడ్డున దించాడు.

మన దగ్గర నడిచేది 1988 మోటారు వాహనాల చట్టం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే 185వ సెక్షన్ కింద నేరం. ఊదమనే అధికారం 203వ సెక్షన్ ఇచ్చింది. ఆ సెక్షన్‌ను చాలామంది చదవరు. చదివినవాళ్లు ఒక్క మాట దగ్గర ఆగిపోతారు: తాగి నడుపుతున్నాడని అనుమానించడానికి ‘సహేతుకమైన కారణం’ ఉన్నప్పుడే యూనిఫాంలో ఉన్న పోలీసు ఊదమనవచ్చు. “చూశారా, కారణం ఉండాలంట! నా మీద ఏం కారణముంది?” అని గొడవ అక్కడే మొదలవుతుంది.

దీన్ని నిదానంగా, మెట్టు మెట్టుగా చూద్దాం. మొదటి మెట్టు ఆపడం. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాలని 130వ సెక్షన్ చెబుతుంది. దీనికి మీ మీద ఏ అనుమానమూ అక్కర్లేదు. లైసెన్సు చూపించాలంటే అద్దం దించాలి, నోరు తెరవాలి. రెండో మెట్టు అక్కడ పుడుతుంది. గుప్పుమన్న వాసన, ఎర్రబడ్డ కళ్లు, పర్సులోంచి లైసెన్సు బదులు ఆధార్ కార్డు తీసి ఇవ్వడం, ‘ఎక్కణ్ణుంచి వస్తున్నారు’ అంటే ఎక్కడికి పోతున్నారో చెప్పడం: వీటిలో ఏ ఒక్కటైనా అనుమానానికి చాలు. మూడో మెట్టు ఊదడం. నాలుగోది రుజువు. వాసన మిమ్మల్ని రెండో మెట్టు ఎక్కించగలదు, నాలుగో మెట్టు దాకా మోయలేదు. నోటి వాసన, తడబడే నడక, ముద్ద మాట ఉన్నంత మాత్రాన పరీక్ష లేకుండా తాగి నడిపాడని తేల్చలేమని మన సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. అందుకే గొట్టం. ఆ గొట్టం మీ మీద పోలీసు చేతిలో ఆయుధమని మీరనుకుంటారు. నిజానికి అది పోలీసు ముక్కు నుంచి మిమ్మల్ని కాపాడేది కూడా.

‘నా ఊపిరే నా మీద సాక్ష్యమా? రాజ్యాంగం 20(3) ఏమైంది?’ అని అడిగే చదువరులూ ఉన్నారు. తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పుకోమని ఎవర్నీ బలవంతపెట్టకూడదన్నది ఆ అధికరణం. వేలిముద్రలు, చేతిరాత నమూనాలు అలాంటి సాక్ష్యం కిందకు రావని 1961లో 11 మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఊపిరి కూడా వేలిముద్ర లాంటిదే, వాంగ్మూలం కాదు.

మరి ఏ అనుమానమూ లేకుండా, అద్దం దించగానే మాటామంతీ లేకుండా అందరి నోట్లో వరసగా గొట్టం పెట్టడమో? చట్టం మాటలు అంత దూరం పోవు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 1982లో అనుమానంతో పనిలేకుండా ఎవర్నైనా ఊదమనే అధికారాన్ని చట్టంలోనే రాసుకుంది. మనం రాసుకోలేదు, పని మాత్రం చేసేస్తున్నాం. కావాలనుకుంటే పార్లమెంటులో రాసుకోవాలి గానీ టార్చిలైటు వెలుతురులో సర్దుకుపోవడం బాగుండదని నా అభిప్రాయం. అలాగని ‘కారణం చూపించు’ అని మొండికేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. అనుమానం ఉన్నచోట ఊదనంటే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. కారణం లేకుండా నిరాకరిస్తే ఆ సంగతి కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది.

మీకున్న రక్షణలు ఇవి. 185 కింద రోడ్డు మీద అరెస్టు చేస్తే రెండు గంటల్లో వైద్య పరీక్ష జరగాలి, లేదంటే వదిలేయాలి. మహిళల రక్తం మగ డాక్టరు తీయాల్సి వస్తే ఒక మహిళ సమక్షంలోనే తీయాలి. బండి విషయంలో తెలంగాణ హైకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది: తాగాడన్న ఒక్క కారణంతో బండి లాక్కోకూడదు, పక్కన తాగనివాడుంటే అతనికివ్వాలి, లేకపోతే బంధువుల్ని పిలవాలి. తుంగభద్ర వంతెన దాటి అలంపురం వైపు పోతే ఆ తీర్పు శాసనం, కర్నూలు వైపు మన వాదనకు బలం. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, రోడ్డు మీదే చలానా కట్టి వదిలించుకోగల నేరాల జాబితాలో 185 లేదు. మేజిస్ట్రేటు ముందుకు పోవాల్సిందే. మొదటిసారి 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి 15,000, రెండేళ్ల దాకా. కాబట్టి ‘ఐదొందలు’ అడిగినవాడు, ఇచ్చినవాడు ఇద్దరూ చట్టం బయటే ఉన్నారు.

ఇక నాకు అసలు కోపం తెప్పించే మాట: “నాకు ఎక్కదు సార్.” చట్టం మీకు ఎక్కిందా లేదా అని అడగదు. ఎంత ఉంది అని కొలుస్తుంది. రాయలసీమవాళ్లకు ఇది చెరువు లెక్కగా చెబితే సులువు. మీ ఒళ్లు చెరువు, తాగింది వాన, కాలేయం తూము. చెరువుకి ఒక్కటే తూము, దాని కొలత ఎప్పుడో ఖాయమైంది: 100 మిల్లీలీటర్ల రక్తానికి గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు. వాన ఎంత కురిసినా తూము పెద్దదవదు. మజ్జిగ తాగితే, కాఫీ తాగితే, నెత్తిన చన్నీళ్లు పోసుకుంటే నీరుగంటి నిద్ర లేస్తాడేమో గానీ తూము వెడల్పవదు. వచ్చేది పోయేదానికన్నా ఎక్కువైతే ఏమవుతుందో కర్నూలుకు 2009 అక్టోబరు వరదలో అర్థమైంది. సుంకేసుల నుంచి కడప దాకా మూడొందల కిలోమీటర్లు పారే కేసీ కాలువలోనూ ఇదే సూత్రం, లస్కరు గేటు ఎత్తినంతే నీళ్లు... సరే, ఇంకొంచెం పోతే మీ కాలేయానికి ఆయకట్టు లెక్క కూడా చెప్పేస్తాను. ఆపుతాను.

లెక్క మాత్రం వేద్దాం. 180 మిల్లీలీటర్ల క్వార్టర్, 42.8 శాతం ఆల్కహాలు. అంటే దాదాపు 60 గ్రాములు. 65 కిలోల మగమనిషి రక్తంలో అది 130 మిల్లీగ్రాములు దాటుతుంది. 30కి దిగాలంటే గంటకు 15 చొప్పున దాదాపు ఏడు గంటలు. రాత్రి 9కి తాగినవాడు తెల్లవారి 4 దాకా బండి ముట్టకూడదు. ‘బీరే కదా’ అంటారా? 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు, 7 శాతమనుకున్నా, అదే మనిషిని 80 దాకా తీసుకుపోతుంది. ఒక్క 60 మిల్లీలీటర్ల పెగ్గు చాలు, 30 దాటడానికి.

ఉల్లిపాయ నమిలినా, కిళ్లీ వేసినా రెండో మెట్టు మీదున్న ముక్కు మోసపోవచ్చు. మూడో మెట్టు మీదున్న యంత్రానికి ముక్కు లేదు. అందులో ఆల్కహాలుతో రసాయన చర్య జరిగి కరెంటు పుడుతుంది, ఆ కరెంటే అంకె. ఒక్క జాగ్రత్త: దశమూలారిష్టం, ద్రాక్షాసవం లాంటివాటిలో ఆల్కహాలు ఉంటుంది. అప్పుడే గుక్కెడు వేసుకుని ఊదితే నోట్లోని ఆవిరికే అంకె పెరుగుతుంది. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదుతానని అడగండి. నిమ్మకాయ సంగతి కూడా తేల్చేద్దాం. మనవాళ్లు కొత్త బండి టైరు కింద పెట్టి తొక్కిస్తారు, మత్తు దిగడానికి నోట్లో పిండుతారు. రెండుచోట్లా అది చేసే మేలు ఒక్కటే: నిమ్మకాయలమ్మే ఆమెకు రెండు రూపాయలు.

మా కడపకు మందు గురించి పాఠం చెప్పాల్సిన పని లేదు. రాజాజీ మద్రాసు ప్రధానిగా ఉండగా 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో కడప, చిత్తూరు జిల్లాలకు తెచ్చారు. ఆ పోయిన రాబడి పూడ్చుకోవడానికి 1939లో పుట్టిందే అమ్మకం పన్ను. నిషేధం పోయింది, పన్ను ఉండిపోయింది. 1995లో ఎన్టీఆర్ మళ్లీ నిషేధం తెచ్చారు, రెండేళ్లకే సడలిపోయింది. 2024 అక్టోబరులో రాష్ట్ర కొత్త మద్యం పాలసీతో 99 రూపాయలకు క్వార్టర్ వచ్చింది. తాగడం మంచిదా చెడ్డదా అన్న వాదన మనకు ఎనభై ఏళ్లకు పైగా సాగుతోంది. తాగి నడపడం గురించి వాదన ఇంకా మొదలే కాలేదు. ఎందుకంటే మన మనసులో ఇంకా ఎద్దులబండే ఉంది. సంతలో కల్లు తాగి బండిలో పడుకుంటే ఎద్దులే ఇల్లు చేర్చేవి. బైకుకు ఇంటి దోవ తెలీదు. పత్రికలవాళ్లం మేమూ తక్కువ తినలేదు. గొలుసులు తెంపేవాణ్ణి దొంగ అంటాం, తాగి నడిపేవాణ్ణి ‘మందుబాబు’ అని ముద్దు చేస్తాం.

‘ప్రమాదాల్లో తాగినవాళ్ల వాటా రెండు శాతమేనంట కదా’ అని ఒకరు రాశారు. కేంద్రం లెక్కల్లో 2022లో అది 2.2 శాతమే, అతివేగం 72.3 శాతం. ఆ ఏడాది దేశంలో రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. కానీ వేగం అన్న గడి ఊహతోనూ నిండుతుంది, మందు అన్న గడి పరీక్ష చేస్తేనే నిండుతుంది. తాగినవాడు వేగంగా పోతే అతను ఏ గడిలో పడతాడో మీరే చెప్పండి.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర హైవే మీద ఒక బైకు పడిపోయింది. నడిపిన యువకుడు చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకును హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి, బస్సులో 19 మంది కాలిపోయారు. బైకు మీదున్న ఇద్దరూ తాగి ఉన్నారని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. బస్సు లోపాల మీద చాలా చర్చ జరిగింది, జరగాలి కూడా. కానీ అంతకుముందు ఒక పెట్రోలు బంకు కెమెరాలో ఆ బైకు ఊగుతూ పోవడం దేశమంతా చూసింది. ఆ దృశ్యంలో సెక్షన్ 203 అడిగే సహేతుకమైన కారణం ఉంది. ఆ క్షణంలో చూసింది కెమెరా మాత్రమే.

ఇక ఆ రాత్రి సంగతి. మావాడు ఊదాడు. 38. “డాలస్‌లో లిమిటు 80” అన్నాడు. “ఇది కర్నూలు సార్, 30” అన్నాడు కానిస్టేబుల్. ఇక్కడే కట్టేస్తాం అన్నాను నేను, ఇంత వ్యాసం రాయబోతున్న నేను. “ఇది చలానా కాదు సార్, కోర్టుకే” అన్నాడతను. మా వదిన తమ్ముడికి ఫోను చేశాం, ఆయనొచ్చి కారు తీశాడు. వెనక సీట్లో కూర్చుని ఇంటికి పోతుంటే నాకు 203వ సెక్షన్ గుర్తొచ్చింది. అనుమానించడానికి కారణం కావాలి, నిజమే. ఆ కానిస్టేబుల్‌కు అది దొరికింది మావాడు అద్దం దించాక. నాకు కల్యాణమండపంలోనే దొరికింది. వాడి చేతిలో బీరు సీసా చూశాను, ఖాళీ అవడం చూశాను, రెండు గంటల తర్వాత కారు తాళాలు వాడి చేతిలో చూశాను. చూసి, వెళ్లి పక్క సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకున్నాను.